చీలమండ లిగమెంట్ ఆపరేషన్, 14 నెలల తర్వాత నా రివ్యూ (ఆపరేషన్‌కి ఒక మార్కు, హాస్పిటల్‌కి ఇంకో మార్కు)

ముందే చెప్పేస్తున్నా, హాస్పిటల్ పేరు గానీ డాక్టర్ గారి పేరు గానీ రాయట్లేదు, విడిగా అడిగినా చెప్పను. విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు హాస్పిటల్ అనుకోండి చాలు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే ఆపరేషన్‌కి ముందు నేను తెలుగులో ఎంత వెతికినా మోకాలి లిగమెంట్ (ఎముకని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది) గురించి బోలెడు దొరికింది, మోకాలి చిప్పల మార్పిడి గురించి అయితే చెప్పక్కర్లేదు, చీలమండ గురించి మాత్రం పసుపు సున్నం పట్టు వేయండి అనేవాళ్లే తప్ప ఒక్కళ్లూ చేయించుకుని రాసినవాళ్లు లేరు.

నాది కుడి కాలు. ఇంటర్ సెకండియర్‌లో కాలేజీ బస్సు దిగుతూ గుంటలో కాలేశా, పాదం లోపలికి మడతపడి టక్‌మని చప్పుడొచ్చింది, సాయంత్రానికి బయటివైపు కోడిగుడ్డంత వాపు. అమ్మమ్మ చింతపండూ ఉప్పూ ఉడకబెట్టి పట్టేసింది. రెండ్రోజులాగి కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే "నరం తప్పిందమ్మా" అని ఒక లాగు లాగి కట్టేశాడు, పది రోజుల్లో నడిచా, అందరం తగ్గిపోయిందనుకున్నాం. తగ్గింది వాపు. తెగిన లిగమెంట్ సాగిపోయి వదులుగా అతుక్కుంది, ఆ ముక్క నాకు తెలియడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఈ పన్నెండేళ్లూ ఎలా ఉండేదంటే, రోజూ నొప్పేం ఉండదు, మామూలుగానే నడుస్తాం, ఉన్నట్టుండి ఒక గులకరాయో మామిడి టెంకో సిమెంటు రోడ్డు అంచో తగిలితే చాలు కాలు లోపలికి మడతపడిపోతుంది. ఒక్కోసారి అవి కూడా అక్కర్లేదు, చదును నేల మీదే. నేను ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తా, బోర్డు కింద ఉండే చిన్న దిమ్మ మీంచి దిగుతూ ఎనభై మంది పిల్లల ముందు పడ్డా. మా ఆడపడుచు పెళ్లిలో తలంబ్రాల పళ్లెంతో సహా పడ్డా, అపశకునం అని పైకి ఎవరూ అన్లేదు గానీ మొహాలు చూస్తే తెలిసింది. హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక క్రేప్ బ్యాండేజ్, ఒక వోలిని ట్యూబు. ఎత్తు చెప్పులు మానేశా, షటిల్ మానేశా, నడిచేటప్పుడు ఎవరైనా పలకరిస్తే ఆగి మాట్లాడతా తప్ప నడుస్తూ వాళ్ల మొహం చూడను, ఎప్పుడూ నేల చూపే. మా అత్తయ్య మొదట్లో అణకువ అనుకుందంట, తర్వాత ఎప్పుడో చెప్పింది.

డాక్టర్ల సంగతి. మొదట చూపించుకున్న ఇద్దరు ఎక్స్‌రే తీయించి ఏం లేదమ్మా ఎముక బాగుంది అని పంపించేశారు. ఎముక బాగుందనేది నిజమే, లిగమెంట్ మామూలు ఎక్స్‌రేలో కనపడదు కదండీ. మూడో ఆయన (ఈయనే చివరికి ఆపరేషన్ చేసింది) ఫిల్ములు పక్కన పెట్టి ముందు కాలు పట్టుకున్నారు, ఒక చేత్తో పిక్క కింద ఎముక పట్టి రెండో చేత్తో మడమని ముందుకి లాగారు, ఎడమ కాలికీ అలాగే లాగి చూశారు. కుడికాలు జారినట్టు ముందుకొస్తోంది, నాకే తెలుస్తోంది తేడా. తర్వాత పాదాన్ని లోపలికి వంచి చూశారు. తర్వాత చేతి బొటనవేలు వంచి ముంజేతికి తగులుతుందా, చిటికెనవేలు ఎంత వెనక్కెళ్తుంది, మోచేయి ఎంత వెనక్కి వంగుతుంది అని చూశారు, కాలు చూపించుకోడానికొస్తే చేతులు వంచమంటాడేంటి అనుకున్నా. కొంతమందికి పుట్టుకతోనే ఒళ్లంతా కీళ్లు వదులుగా ఉంటాయంట, అలాంటివాళ్లకి ఉన్న లిగమెంటే బిగించి కుడితే మళ్లీ సాగిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి వేరే చోటి నుంచి స్నాయువు (కండని ఎముకకి కలిపే తాడు) తీసి వేయడమో, లోపల టేపు వేసి గట్టి చేయడమో ఆలోచిస్తారంట. మడమ ఎముక లోపలికి వంగి ఉందా అని వెనక నుంచి కూడా చూశారు, అది ఉంటే లిగమెంట్ ఒక్కటే కుట్టి లాభం లేదు, ఎముక కూడా సరిచేయాలంట. నాకు ఆ రెండూ లేవు. ఎమ్మారై కూడా రాశారు, అందులో ముందువైపు ఉండే లిగమెంట్ పల్చబడి ఉంది, దాని కింద మడమకి వెళ్లేది కొంచెం సాగింది, లోపలి మృదులాస్థి బానే ఉంది. ఎమ్మారైలో కదలకుండా పడుకుంటాం కాబట్టి కీలు ఎంత వదులో అది చెప్పదు, చేత్తో లాగి చూసిందే అసలు పరీక్ష అన్నారు. ఈ మాట నాకు నచ్చింది. నాలుగు స్కానులు రాసి మన కాలు ముట్టుకోని డాక్టర్లని చూశా కాబట్టి.

అప్పుడే ఆపరేషన్ అనలేదు ఆయన, మూడు నెలలు ఫిజియో చేసి రమ్మన్నారు. కాలు గట్టిగా బెణికినవాళ్లలో అయిదుగురిలో ఒకరికి అటూఇటుగా ఇలా వదులుతనం మిగిలిపోతుంది, వాళ్లలో కూడా చాలామందికి ఫిజియోతోనే సరిపోతుంది అన్నారు. నేను మూడు వారాలు చేసి మానేశా, పరీక్షల సీజను, పేపర్లు దిద్దడం, నిజం ఒప్పుకుంటున్నా. ఆర్నెల్లకి మళ్లీ పడి మళ్లీ వెళ్తే ఆయన తిట్టలేదు గానీ "మీ స్టూడెంటు మూడు చాప్టర్లే చదివొచ్చి పేపరు కష్టంగా ఉందంటే ఏమంటారు" అన్నారు. రెండోసారి బుద్ధిగా మూడు నెలలూ చేశా. పడటం తగ్గింది, నెలకి రెండు మూడు సార్లు మడతపడేది రెండు నెలలకోసారి అయింది, కానీ ఆగలేదు. అప్పుడు సరే అన్నా. చదివేవాళ్లకి ఒక మాట, ఆ ఫిజియో రసీదులు పారేయకండి. మా ఆయన ఆఫీసు ఇన్సూరెన్స్ వాళ్లు ముందుగా వేసిన కొర్రీ అదే, ఆపరేషన్ లేకుండా తగ్గించడానికి ఏం చేశారు, రుజువేది అని. రసీదులు పెడితేనే అప్రూవల్ ఇచ్చారు.

ఇక ఆపరేషన్. డాక్టర్ గారు తెల్లకాయితం మీద బొమ్మ గీసి "నులక మంచం చూశారా, కుక్కి అయిపోతే కొత్త మంచం కొంటామా, తాడు లాగి మళ్లీ బిగిస్తాం కదా, అంతే" అన్నారు. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. సాగిపోయిన లిగమెంట్‌ని పొట్టి చేసి లాగి, చీలమండ బయటివైపు పొడుచుకొచ్చే ఎముకలో చిన్న యాంకర్లు (గుండుసూది తలకాయ కంటే కాస్త పెద్దవి, వాటికే దారాలుంటాయి) దించి దానికి కట్టేసి కుడతారు. దాని పైనున్న గట్టి పొరని కూడా లాగి పైన దుప్పటి కప్పినట్టు కుడతారు. ఇంటికొచ్చి నెట్‌లో చదివా, దీన్ని బ్రోస్ట్రామ్ రిపేర్ అంటారు, స్వీడన్‌లో బ్రోస్ట్రామ్ అనే సర్జన్ 1966లో రాసింది, పైన పొర కుట్టడం 1980లో గౌల్డ్ అనే ఆయన కలిపింది. పాతరోజుల్లో అయితే పక్కనున్న మంచి స్నాయువుని సగమో మొత్తమో కోసి ఎముకలో బెజ్జాలు చేసి దూర్చేవాళ్లంట, కాలు బిగుసుకుపోయేదంట, ఉన్న బలమైనదాన్ని కూడా పాడుచేసుకోవడం. అరవై ఏళ్లనాటి ఐడియానే ఇప్పటికీ మొదటి ఎంపిక అంటే నాకు ధైర్యమొచ్చింది. కొత్త టెక్నాలజీ అంటే నాకు కొంచెం భయమే.

ఆ భయానికి తగ్గట్టే అడ్మిషన్ కౌంటర్ పక్కన ప్యాకేజీ చెప్పే అమ్మాయి కూర్చోబెట్టి "మేడమ్ టేపు కూడా వేయించుకోండి, ఎక్స్‌ట్రా స్ట్రాంగ్, క్రికెటర్లు వేయించుకుంటారు" అని మొదలుపెట్టింది. ఇంకో యాభై వేలు. అది మోసం అని కాదు, లిగమెంట్ మీద సీటుబెల్టులా ఒక గట్టి టేపు వేస్తారు, బరువెక్కువ ఉన్నవాళ్లకి, ఆటలు ఆడేవాళ్లకి, కీళ్లు వదులున్నవాళ్లకి పనికొస్తుంది. డాక్టర్ గారిని అడిగితే మీకు అవసరం లేదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మరి ఆ అమ్మాయి ఎవరి తరఫున చెప్పిందో. చీరల షాపులో ఫాల్, మ్యాచింగ్ బ్లౌజు కూడా తీసుకోండి అన్నట్టు చెప్తే ఎలాగండి. ఇక్కడ హాస్పిటల్‌కి ఒక స్టార్ కట్.

సంక్రాంతి వెళ్లిన వారానికి పెట్టుకున్నాం. నడుంలో మత్తు ఇచ్చారు, తొడకి బీపీ పట్టీ లాంటిది కట్టి రక్తం రాకుండా బిగించారు, ముందు సన్న కెమెరా పెట్టి లోపల కీలు చూసుకుని తర్వాత కోశారు. నాకు మెలకువే, పరదా అవతల వాళ్లు దేని గురించో నవ్వుకుంటున్నారు, ఏదో సుత్తితో కొట్టిన చప్పుడు వినపడింది, అప్పుడు మాత్రం గుండె జారింది. గంటన్నరలో బయటకి తెచ్చారు. కోత రెండంగుళాలు కూడా లేదు. ఆపరేషన్ వరకూ అయిదుకి అయిదు.

ఆ రాత్రి మాత్రం సున్నా. మత్తు దిగాక రాత్రి రెండింటికి మొదలైంది నొప్పి, బెల్లు నొక్కితే సిస్టరు రావడానికి ముప్పావుగంట, వచ్చాక డ్యూటీ డాక్టర్‌ని అడగాలి అంది, ఆయన ఫోనెత్తడు. మా ఆయన వరండాలో పరుగులు. తర్వాత తెలిసిందేంటంటే మోకాలి వెనక నరానికి మత్తిస్తారు, అది ఇంకా ఎక్కువ గంటలు పనిచేస్తుంది, అడిగితే ఇచ్చేవాళ్లంట. అడగాలని మనకెలా తెలుస్తుంది? చేయించుకునేవాళ్లు మత్తు డాక్టర్ వచ్చి సంతకం పెట్టించుకునేటప్పుడే రాత్రికి ఏం ఏర్పాటు అని అడిగేయండి.

బిల్లు లక్షా నలభై అయిదు వేలయింది, రెండు యాంకర్లే దాంట్లో పెద్ద భాగం. ఇన్సూరెన్స్ లక్షా పద్దెనిమిది ఇచ్చింది, మిగతాది గ్లౌజులు, దూది, డైపర్లు (నాకు డైపరెప్పుడు వేశారో నాకే తెలీదు) ఇలాంటివి కవరవ్వవు అని కొట్టేసి మా నెత్తిన వేశారు. డిశ్చార్జికి డాక్టర్ గారు పొద్దున పదింటికి సంతకం పెడితే మేం బయటపడింది రాత్రి ఏడింటికి. కాలు కదలకుండా పట్టీలతో బిగించే బూటు ఫార్మసీలో నాలుగువేల రెండొందలు అన్నారు, మా తమ్ముడు గవర్నరుపేటలో సర్జికల్ షాపుకెళ్లి అచ్చం అదే రెండువేల ఆరొందలకి తెచ్చాడు. ఇంకోటి, మా పాలసీలో డిశ్చార్జి తర్వాత 60 రోజుల దాకా మందులు, ఫిజియో కూడా కవరవుతాయి, ఈ సంగతి హాస్పిటల్‌లో ఒక్కళ్లూ చెప్పలేదు, మా ఆయన కొలీగు చెప్తే యాభయ్యో రోజున పరుగెత్తి పెట్టాం. మీ పాలసీ కాయితం ముందే చదువుకోండి.

ఆపరేషన్ అంటే ఆ గంటన్నర అనుకుంటాం గానీ అసలు సినిమా ఇంటికొచ్చాకే. రెండు వారాలు సగం పిండికట్టు, కాలు కింద మోపకూడదు, గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టుకోవాలి, రక్తం గడ్డకట్టకుండా పొట్టలో సూది. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నేను మెట్లెలా ఎక్కానంటే చిన్నపిల్లలు దిగినట్టు కూర్చుని, వెనక్కి ఒక్కో మెట్టూ చేతులతో పైకి లేచి ఎక్కా, కింద ఇంటి పెద్దాయన తలుపు తీసి చూసి పాపం మళ్లీ వేసేసుకున్నారు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, కాలికి బియ్యం సంచీ కవరూ రబ్బరు బ్యాండూ. ఇంట్లో కమోడ్ లేనివాళ్లు మాత్రం ముందే ఏర్పాటు చేసుకోండి, ఒంటికాలి మీద గొంతుక్కూర్చోవడం అయ్యేపని కాదు. క్రచెస్ వాడటం ఆపరేషన్‌కి ముందే ఇంట్లో రెండ్రోజులు ప్రాక్టీసు చేసుకోవాలి, నాకు డిశ్చార్జి రోజు చేతికిచ్చి వెళ్లమన్నారు, చంకలు ఒరిసిపోయాయి. బరువు చంకల మీద కాదు అరచేతుల మీద వేయాలని నాలుగో రోజు యూట్యూబ్ చూసి తెలుసుకున్నా.

పద్నాలుగో రోజు కుట్లు విప్పి బూటు వేశారు, కొంచెం కొంచెం బరువు వేస్తూ ఆరు వారాలు. ఈ షెడ్యూలు డాక్టర్ని బట్టి మారుతుంది, నాది చూసి మీరు చేయకండి. నాది కుడి కాలు కాబట్టి కారు లేదు, బ్రేకు దానితోనే కదా, స్కూటీ కూడా లేదు. కాలేజీ వాళ్లు నెలన్నర సెలవిచ్చారు, జీతం లేకుండా.

అన్నిటికంటే నేను ఎక్కువ మాట్లాడాల్సింది బాసింపట్టు గురించి. డాక్టర్ గారు పాదం కిందికి, లోపలికి తిప్పకూడదు మూడు నెలలు అన్నారు, సరే అని తలూపా. అదేంటో ఆలోచిస్తే, మనం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే పాదం ఉండేది సరిగ్గా ఆ పొజిషన్లోనే! ఇంగ్లీషు వెబ్‌సైట్లలో ఎక్కడా రాయరు, వాళ్లు నేల మీద కూర్చోరు కదా. హాస్పిటల్ వాళ్లిచ్చిన కాయితంలో కూడా లేదు, అది కూడా ఎక్కడి నుంచో దించిందే అయ్యుంటుంది, అందులో మంచులో జాగ్రత్తగా నడవండి అని ఉంది, బెజవాడలో మంచేంటండీ బాబూ. ఉగాది పూజ కుర్చీలో కూర్చుని చేశా. మేలో మా పెద్దమ్మ కొడుకు గృహప్రవేశానికి అందరూ బంతిలో కూర్చుంటే నేనొక్కదాన్నే గోడ పక్కన స్టూలు మీద విస్తరి పెట్టుకుని తిన్నా, ఒక ముసలావిడ "ఇంత చిన్న వయసులో మోకాళ్లా" అని జాలిపడింది.

ఫిజియో విషయంలో హాస్పిటల్‌కి రెండే స్టార్లు. వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో ఒక్కో పేషెంటుకి కరెంటు మెషీను పెట్టి పావుగంట వదిలేసి పోతారు, కాలికి అంటించి ఫోన్ చూసుకుంటూ కూర్చోవడమే. రెండు సిట్టింగుల తర్వాత మానేసి మా వీధిలో ఒక కుర్రాడి దగ్గర చేరా, సిట్టింగుకి అయిదొందలు, మెషీన్లేం లేవు, ఒక గోడ, ఒక రబ్బరు బ్యాండు, ఒక గుండ్రటి చెక్క. బూటు తీసి మొదటిసారి పిక్క చూసుకుంటే బీరకాయలా అయిపోయింది, ఏడుపొచ్చింది. "అక్కా అది మూడు నెలల్లో వచ్చేస్తది, బ్యాలెన్స్ తెచ్చుకోడమే అసలు పని" అన్నాడు. లిగమెంట్ తాడు ఒక్కటే కాదంట, పాదం ఎక్కడ ఎలా ఉందో మెదడుకి కబురు పంపేది కూడా అదేనంట, తెగినప్పుడు ఆ కబురు కూడా మందగిస్తుంది, బిగించి కుట్టినంత మాత్రాన అది తిరిగి రాదు, నేర్పించాలి. అందుకని ఒంటికాలి మీద నిలబడటం, తర్వాత కళ్లు మూసుకుని నిలబడటం, తర్వాత దిండు మీద, తర్వాత చెక్క మీద. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం అలవాటయింది, ఇప్పటికీ అలాగే తోముతున్నా, మా ఇంట్లో కొంగ అని పేరు. బయటివైపు కండ బలానికి రబ్బరు బ్యాండుతో పాదం బయటికి లాగడం రోజుకి వంద. పాదాన్ని అన్ని వైపులా తిప్పొచ్చు అన్నాక బొటనవేలితో గాల్లో ఏబీసీడీలు రాయమన్నాడు, నేను అఆలు రాశా, ఋ దగ్గర కాలు పట్టేసింది. నిజంగా చెప్తున్నా, మన అక్షరాలకున్నన్ని వంపులు ఇంగ్లీషుకి లేవు, రెట్టింపు ఎక్సర్‌సైజు.

నాలుగో నెలలో మెల్లగా పరుగు, ఏడో నెలలో షటిల్ రాకెట్ పట్టుకున్నా, చీలమండకి లేసులతో బిగించే బ్రేసు వేసుకుని. శ్రావణ శుక్రవారానికి పీట మీద కూర్చున్నా, కుడి చీలమండ కొంచెం లాగింది గానీ కూర్చున్నా. 14 నెలల్లో ఒక్కసారి కూడా మడతపడలేదు. ఒకసారి బీసెంట్ రోడ్డులో పేవ్‌మెంటు పలక ఊగింది, పాదం అటు వెళ్లబోయి దానంతటదే వెనక్కొచ్చింది, పక్కనున్న మా ఆయనకి తెలియను కూడా తెలీదు, నేను మాత్రం అక్కడే నిలబడిపోయి నవ్వుకుంటున్నా. ఇంకో సంగతి, మా వీధి చివర ఆ పొగడ చెట్టు ఉందని నాకు ఇప్పుడే తెలిసింది, ఆరేళ్లుగా అక్కడే ఉంటున్నాం.

మిగిలిపోయినవి కూడా రాయాలి కదా. చలికాలం పొద్దున్నే బిగుతుగా ఉంటుంది, పది నిమిషాలు నడిస్తే పోతుంది. ఎడమ కాలంత లోపలికి తిరగదు, ఉద్దేశపూర్వకంగానే అలా కుడతారు కాబట్టి దానికి ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా తిమ్మిరి గురించి. కోత పెట్టే చోటికి దగ్గర్లోనే చర్మానికి వెళ్లే సన్న నరాలుంటాయి, అవి లాగబడితే పాదం పైన మొద్దుబారుతుంది, ఇది కొంతమందికి జరిగేదే, తగ్గొచ్చు తగ్గకపోవచ్చు. డాక్టర్ గారు కుట్లు విప్పేటప్పుడు చెప్పారు ఇది. ముందు పెట్టించిన సంతకాల కాయితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, నోటితో చెప్పుండాల్సింది, చెప్పినా నేను చేయించుకునేదాన్నే. మొదట్లో అరచేయంత ఉండేది, ఇప్పుడు రెండు రూపాయి బిళ్లలంతకి తగ్గింది, సరిగ్గా పట్టీ ఆనే చోట. మొన్న కార్తీక మాసంలో వెండి పట్టీ ఊడిపోయి ఎక్కడో పడిపోతే ఇంటికొచ్చి చెప్పులు విప్పేదాకా నాకు తెలీలేదు. అందుకని డాక్టర్ గారికి నాలుగున్నర, హాస్పిటల్‌కి రెండు, మా వీధి కుర్రాడికి అయిదు. పట్టీ డబ్బులు ఎవరి ఖాతాలో వేయాలో ఇంకా తేలలేదు, ఇప్పుడు మువ్వలున్నవి కొనుక్కున్నా, చప్పుడాగితే చూసుకోవచ్చని.